పర్లాకిమిడి పంతులుగారు

నేడు ఒడిశాలోని గజపతి జిల్లాకు కేంద్రమైన పర్లాకిమిడి, 1936కు పూర్వం మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలో ఒక జమీందారీ పట్టణం. అక్కడి రాజావారి పాఠశాలలో 1880లో నెలకు 30 రూపాయల జీతంపై ఒక పదిహేడేళ్ళ యువకుడు ఉపాధ్యాయుడుగా చేరాడు. శ్రీముఖలింగం సమీపాన, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో మెట్రిక్యులేషను వరకు చదివారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. పై చదువులన్నీ ఉద్యోగం చేస్తూ స్వయంకృషితో పూర్తిచేసినవే.

లోకం ఆయనను భాషావేత్తగా ఎరుగును గాని, బడిలో ఆయన బోధించినది ప్రధానంగా చరిత్ర. చరిత్ర బోధించేవారు శాసనాలు చదవగలగాలన్న పట్టుదలతో ముఖలింగ దేవాలయ శాసనాలను స్వయంగా పరిశీలించి, ప్రాచీన కళింగనగరం అదేనని వ్యాసాలు ప్రకటించారు. జీతానికి పాఠం చెప్పి ఇంటికి పోయే తరహా కాదు ఆయనది.

పర్లాకిమిడి పరిసర కొండలలో నివసించే సవరల విషయంలోనూ అంతే. సవర భాష ముండా కుటుంబానికి చెందినది, తెలుగుతో ఏ బంధుత్వమూ లేనిది. దానికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట ఉంచుకొని, పలుకు పలుకూ విని వ్రాసుకొంటూ ఆ భాష నేర్చుకొన్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు సిద్ధం చేశారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఈ కృషిని మెచ్చి ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, తనకు వద్దని, ఆ సొమ్ముతో సవరలకు ఒక బడి నడపమని కోరారు. మన్యంలో తిరిగినందుకు మలేరియా సోకింది. అప్పట్లో దానికి మందు క్వినైను ఒక్కటే. అది అతిగా వాడడంచేత ఆయన వినికిడి దెబ్బతిన్నది. చెవితో భాషను పట్టుకొన్న మనిషికి చెవి పోవడం ఎంతటి నష్టమో ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారు ఊహించగలరు. అయినా పని ఆగలేదు. సవర వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి.

తెలుగు బోధన వైపు ఆయన దృష్టి మళ్ళినది ఉద్యోగ జీవితపు చివరి దశలో. 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, బడిలో తెలుగు నేర్పే పద్ధతి చూసి ఆశ్చర్యపడ్డాడు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో చదివేది మరొకటి. ఇంగ్లీషును జీవభాషగా, సంభాషణ ద్వారా నేర్పాలని శిక్షణలో చెబుతూ, తెలుగును మాత్రం పద్యకావ్యాల భాషగా నేర్పడమేమిటన్నది ఆ సమస్య. ‘చేస్తున్నాడు’ అని నోట పలికే బాలుడు ‘చేయుచున్నాఁడు’ అని అరసున్నతో సహా వ్రాయాలి. విషయం తెలిసినా వ్రాయలేక తప్పిపోయే పిల్లవాడిని ఏ ఉపాధ్యాయుడు చూడలేదు? గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు మొదలైనవారితో కలిసి రామమూర్తి పంతులుగారు ఈ పోరాటానికి దిగారు.

1911లో పదవీ విరమణ చేశారు. ముప్పది ఏళ్ళు పైబడిన ఉద్యోగం ముగిసిన చోట చాలామందికి విశ్రాంతి మొదలవుతుంది, ఆయనకు అసలు పని మొదలైంది. స్కూలు ఫైనలు వ్యాసరచనలో ఆధునిక భాషకూ స్థానం ఇవ్వాలన్న నిర్ణయం 1912–13 ప్రాంతంలో వచ్చింది గాని, జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు తీవ్రంగా వ్యతిరేకించారు. గ్రాంథికవాదులు దురుద్దేశపరులేమీ కారు, భాష చెడిపోతుందన్న భయం వారిది. గిడుగువారి జవాబు మాత్రం పదునైనది. కావ్యభాషను సమర్థించే పండితులే తమ గ్రంథాలలో దానిని తప్పులు లేకుండా వ్రాయలేకపోతున్నారని పుటలకు పుటలు ఉదాహరించి చూపారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అన్న పేరులోనే ఆ వాదపు ఘాటు తెలుస్తుంది. పండితులకే అలవిగానిది పదేళ్ళ పిల్లలకు ఎలా అలవడుతుందన్న ఆ ప్రశ్నకు సరియైన సమాధానం ఎవరూ చెప్పలేదనే అనాలి. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను నెలకొల్పి ఏడాదిపాటు నడిపారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు అధికంగా ఉన్న ఆ ప్రాంతాన్ని కలపరాదని వాదించిన పంతులుగారు, డెబ్బది రెండేళ్ళ వయసులో, జీవితమంతా గడిపిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఆయన వెళ్ళిపోయారు. అలా వెళ్ళలేని, వెళ్ళనొల్లని తెలుగు కుటుంబాలు ఇక్కడనే నిలిచి, ఒరియా నేర్చుకొని, ఇంట తెలుగు నిలుపుకొన్నాయి. వారి చరిత్ర వ్రాయవలసే ఉన్నది.

1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకు కళాప్రపూర్ణ బిరుదునిచ్చింది. 1940 జనవరి 15న మద్రాసులో ‘ప్రజామిత్ర’ కార్యాలయంలో పత్రికా సంపాదకులను కలుసుకొని, జీవితకాలపు పని ఎంతవరకు వచ్చినదో సమీక్షించుకొన్నారు. కథలలో, నవలలలో వాడుకభాష నిలదొక్కుకొన్నది. పాఠ్యపుస్తకాలు, పరీక్షలు, వార్తాపత్రికలు మాత్రం ఇంకా పాతదారినే ఉన్నాయి. ఆ లోటు పూరించమని వారిని అర్థించారు. మరి ఏడు రోజులకే, జనవరి 22న, కన్నుమూశారు. పాఠ్యపుస్తకాలలో ఆయన కోరిన మార్పు రావడానికి ఆ తరువాత దశాబ్దాలు పట్టింది.

ఆయన జన్మదినమైన ఆగస్టు 29 ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. ఆనాటి సభలలో తెలుగు కోసం ఆయన చేసినది అందరూ చెబుతారు, సవర పిల్లల బడుల మాట ఎవరో గాని తలవరు. ఆయన కుమారుడు సీతాపతిగారు సవర భాషపై తండ్రి ప్రారంభించిన పరిశోధనను కొనసాగించారు.