గడువు ముందే తేల్చిన జీతం

చిన్న వ్యాపారంలో కొత్తగా చేరిన మనిషికీ యజమానికీ జీతం పెంపు దగ్గర పేచీ వచ్చేది డబ్బు చాలకే కాదు, అది ఎప్పుడు పెరుగుతుందో ఎవరూ చెప్పకపోవడం వల్ల కూడా. ముందే తేల్చుకోవడం ఎంత అవసరమో చెప్పడానికి బర్మాలో వడ్డీ వ్యాపారం చేసిన తమిళ వ్యాపార కులం నాట్టుకోట్టై చెట్టియార్ల చరిత్రే గట్టి సాక్ష్యం. 1930కి ముందు దశాబ్దాల్లో రంగూన్ నుంచి ఐరావతి డెల్టా పల్లెల దాకా వాళ్ల కొట్లు నడిచాయి. యజమాని తమిళనాడులోని స్వస్థలం చెట్టినాడులో ఉంటే, కొట్టు నడిపే ఏజెంటు మామూలుగా మూడేళ్ల ఒప్పందం మీద వెళ్లేవాడు. ఆ గడువుకు జీతం బయల్దేరకముందే ఖాయం. అందులో కొంత ముందుగానే చేతికందేది. గడువు తీరాక లెక్కలు చూసి, లాభాన్నిబట్టి బోనస్ ఇచ్చేవారు. కుర్రవాడిగా చేరినవాడికి కూడా గుమాస్తా, ఆపై ఏజెంటు అనే మెట్లు కళ్లముందే కనిపించేవి.

ఇదంతా ఒకే కులం లోపలి నమ్మకం మీద నడిచిందని, మనకు పనికిరాదని అనవచ్చు. అందులో నిజముంది: ఆ మెట్లు బయటివాళ్ల కోసం కట్టినవి కావు, ఏళ్లతరబడి ఇంటికి దూరంగా ఉండటమూ తేలిక కాదు. అయితే బంధుత్వమే చాలితే అంత వివరమైన ఒప్పందం ఎందుకు? అయినవాళ్ల మధ్యే మొత్తం, గడువు ముందుగా తేల్చుకున్నారంటే, నమ్మకం నిలవాలన్నా స్పష్టత కావాలన్నమాట. నేటి చిన్న దుకాణం పెద్ద జీతాలు ఇవ్వలేకపోవచ్చు; పెంపు ఎప్పుడో, దేన్నిబట్టో చేరిన రోజునే చెప్పగలదు, చెప్పి తీరాలి.