ఎడారిలో వృథాగా మండిన మంట

ప్రతిదినము ఉదయమున వంటయింటిలో గ్యాసుపొయ్యి వెలిగించునప్పుడు, ఆ నీలిమంట ఎచ్చటినుండి వచ్చినదని మనము విచారింపము. మన దేశము వాడుకొను వంటగ్యాసులో సగమునకు పైగా విదేశములనుండి, అందును అధికభాగము చిరకాలముగా గల్ఫు దేశములనుండి, ఓడలమీద వచ్చుచున్నది. ఈ జాతి వాయువే ఒకప్పుడు ఆ ఎడారులలో ఎవరికిని అక్కరకు రాక రేయింబవళ్లు కాలిపోయెడిది. ఆ మంట మన పొయ్యిలోనికి వచ్చిన కథను మనవి చేయదలచితిమి.

చమురు పరిశ్రమ చరిత్ర మొదటినుండియు వృథా చరిత్రయే. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, టైటస్‌విల్ అను ఊరివద్ద 1859 ఆగస్టు 27వ తేదీన, సుమారు 70 అడుగుల లోతున డ్రేక్ త్రవ్వించిన బావిలో నూనె పడెను. ఆనాటి వర్తకులకు కావలసినది దీపముల కిరసనాయిలు మాత్రమే. ముడినూనెను మరగించునప్పుడు దానితోపాటు వచ్చెడి తేలికనూనె, అనగా నేటి పెట్రోలు, కొనువారు లేక చాలచోట్ల పారబోయబడెడిది. మోటారుబండి వచ్చిన పిమ్మట గాని దాని విలువ లోకమునకు తెలియలేదు.

సౌదీ అరేబియాలో ఇదే కథ మరింత పెద్దయెత్తున జరిగెను. 1938 మార్చిలో దమ్మాం ఏడవ సంఖ్య బావిలో, 4,700 అడుగులకు పైబడిన లోతున, చమురు సమృద్ధిగా లభించెను. భూగర్భమున ఒత్తిడివలన నూనెలో వాయువు కరగియుండును. గోలీసోడాలోని గోలీని నొక్కినంతనే వాయువు బుస్సుమని వెలువడునట్లు, నూనె పైకి రాగానే అదియు విడివడును. నూనెను ఓడలో నింపి పంపవచ్చును. వాయువునకు గొట్టపుమార్గములు, శుద్ధియంత్రములు, దగ్గరలో కొనువారు కావలెను. అవి లేకపోవుటచే కొంత భాగమును తిరిగి భూమిలోనికి పంపినను, చాల భాగమును గొట్టముల కొనలయందు వెలిగించి తగులబెట్టిరి. ఇట్లు దశాబ్దములు గడచెను.

1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగెను. ఇంధనము విలువయు, రాజ్యము చేతిలోని ధనమును హెచ్చెను. 1975లో ఈ వాయువునంతటిని సేకరించు మహాప్రణాళికను సౌదీ ప్రభుత్వము ఆరాంకో సంస్థకు అప్పగించెను. ఆ సంవత్సరమే జుబైల్, యాన్బు పారిశ్రామిక నగరముల నిర్మాణమునకు ఒక ప్రభుత్వ సంఘమును, 1976లో రసాయన పరిశ్రమలకు సాబిక్ సంస్థను స్థాపించిరి. తూర్పుతీరమునుండి ఎఱ్ఱసముద్రతీరము వరకు వెయ్యి కిలోమీటర్లకు పైబడిన గొట్టములు వేసిరి.

పిమ్మట ఒక్కొక్క అంశమునకు ఒక్కొక్క పని దొరకెను. దుర్గంధముగల విషవాయువునుండి గంధకమును తీసిరి. మీథేను విద్యుత్తునకు, సముద్రజలమును మంచినీరుగా మార్చుటకు, ఎరువులకు ఉపకరించెను. ఈథేను ప్లాస్టిక్కులకు మూలద్రవ్యమైనది. ప్రొపేను, బ్యూటేను ద్రవరూపమున ఓడలెక్కినవి. చేపలు పట్టువారి చిన్న ఊరైన జుబైల్ మహానగరమయ్యెను. కరీంనగరము, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతములనుండి గల్ఫునకు వెళ్లిన మనవారి కష్టముకూడ ఇట్టి పరిశ్రమలలో, నిర్మాణములలో కలిసియున్నది.

దీనినిబట్టి మేము గ్రహించినది ఇది: ఏ వస్తువును తనంతట వ్యర్థము కాదు, గొలుసులో దాని తరువాతి లంకెను సిద్ధము చేయకపోవుటయే వ్యర్థము. దమ్మాం బావినుండి ఆ లంకెను సిద్ధము చేయ పూనుకొనుటకే 37 సంవత్సరములు పట్టెను. నడుమ కాలిపోయినది మరల రాదు.

ఈ పాఠము లోకమంతటికి ఇంకను ఒంటబట్టలేదు. 2030 నాటికి నిత్యము వాయువును తగులబెట్టు వాడుకను మాన్పింపవలెనని 2015లో ప్రపంచబ్యాంకు, ఐక్యరాజ్యసమితి పిలుపునిచ్చినవి. అయినను 2023లో 14,800 కోట్ల ఘనపుమీటర్ల వాయువు బావులవద్ద కాలిపోయినదని ప్రపంచబ్యాంకు అంచనా. అదిగాక, గొలుసు చివరి లంకె నేటికిని తెగియే యున్నది. పొయ్యిలోనుండి వెలువడు బొగ్గుపులుసు వాయువు ఆకాశమున చేరుచున్నది. ఎడారి వాయువునుండి పుట్టిన ప్లాస్టిక్కుసంచి ఒక్కపూట వాడిన పిదప మన వీధికాలువలో పడుచున్నది. ఎడారిలోని మంటను చూచి నాటి వారెంత దుబారా చేసిరని మనము ఆశ్చర్యపడుచున్నాము. మన కాలువను చూచి రేపటివారు అదే మాట అనకుండవలెనన్నచో, ఆ తరువాతి లంకెను వెదకుట నేడే మొదలిడవలెను.