చేతివాటం, చెప్పుడు మాట

జనగామ దిక్కు ఒక ఊరి బడిలో మూడో తరగతికి పాఠం చెప్తున్నాను. ఒక పిల్లగాడు ఉరికొచ్చి, "సార్, గీడు నా పెన్సిలు లేపిండు" అన్నాడు. వెనక బెంచీ నుంచి అప్పుడే ఇంకో గొంతు లేచింది: "సార్, గాడు ఉట్టిగనే చాడీలు జెప్తుండు!" పెన్సిలు దొరికింది, గొడవ సద్దుమణిగింది. ఆ రెండు మాటలు మాత్రం నా వెంట ఇంటిదాకా వచ్చాయి.

చిల్లర దొంగతనానికి మనకున్న మాటల్లో చేతి పనులే ఎక్కువ. లేపుడు, కొట్టేసుడు, నొక్కేసుడు, గుంజుకపోవుడు. 'వాటం' అంటే ఒడుపు, అనువు. ఎడమచేతి వాటం అన్నప్పుడు అందులో నింద ఏమీ లేదు. అదే వాటం ముందు ఉట్టి 'చేతి' వచ్చి చేరితే నింద అయింది. అయినా ఎంత మెత్తటి నిందో! ఊళ్లో మనిషిని 'దొంగ' అంటే పంచాయితీ అవుతుంది. 'వానికి కొంచెం చేతివాటం ఉంది' అంటే పక్కింటివాళ్లు జాగ్రత్త పడతారు, తెల్లారితే మళ్లీ అదే మనిషితో బాయి కాడ మాట్లాడతారు. కలిసి బతకాల్సినవాళ్లు పుట్టించుకున్న మాట అది. జేబుదొంగ కొంచెం కొత్తవాడు, ఎందుకంటే జేబు అనే మాటే అరబ్బీ నుంచి నడిచొచ్చింది. అంతకుముందు డబ్బు కొంగుముడిలో ఉండేది, అందుకే సంస్కృతం వాణ్ని గ్రంథిభేదకుడు, అంటే ముడి కోసేవాడు అంది.

చాడీల సంగతి వేరు. చాడీ, కొండెం మన పాత మాటలే. వాటి మీద మాత్రం పైనుంచి వచ్చిన మాటలు పొరలు పొరలుగా పేరుకున్నాయి. చుగిలీ ఫారసీది, ఫిర్యాదూ ఫారసీదే. నిజాం ఏలుబడిలో, 1948 దాకా, ఇక్కడ కచేరీ భాష ఉర్దూ. పోలీసుకు ఆచూకీ ఇచ్చేవాణ్ని ఉర్దూలో ముఖ్బిర్ అంటారు. మనం ఆప్యాయంగా చెప్పుకునే 'కబురు', ఆ ముఖ్బిర్ ఒకే అరబ్బీ ధాతువు నుంచి పుట్టాయి. ఒకటి అరుగు మీద కూర్చుంది, ఇంకొకటి ఠాణాకు పోయింది.

నన్ను అన్నిటికన్నా కదిలించింది 'పితూరీ'. పిల్లలు అమ్మకు చెప్పే పితూరీ, 1879లో రంపలో లేచిన పితూరీ, 1922లో అల్లూరి సీతారామరాజు మన్యంలో నడిపిన పితూరీ, అంతా ఒక్క మాటే. ఉర్దూలో ఫితూర్ అంటే అలజడి. పైవాడి మీద తిరగబడ్డా, తోటివాడి మీద పైవాడికి చెప్పినా ఒకే పేరు పెట్టాం.

ఇంగ్లీషువాళ్ల స్నిచ్ అనే మాట ఇంకో తీరుది. మొదట్లో ముక్కు మీద చిటికెతో కొట్టే దెబ్బకు ఆ పేరు. పోనుపోను ముక్కుకే పేరైంది, 18వ శతాబ్దానికి తోటివాణ్ని పట్టించేవాడికి తగిలింది, తరవాత చిన్న దొంగతనానికీ అదే మాట సరిపోయింది. మా పిల్లలు రెండు మాటల్లో చెప్పింది వాళ్లు ఒక్కదాంట్లో ఇమిడ్చారు. నార్క్ అన్నా పట్టించేవాడే. రొమానీల నాక్, అంటే ముక్కు, అనే మాట నుంచి వచ్చిందని నిఘంటువులు చెప్తాయి. ఆ రొమానీలు మన దేశం నుంచి వలసపోయినవాళ్ల వారసులు, ఆ నాక్ హిందీ నాకే. వాళ్లకు ముక్కు ముఖ్యమైంది, మనకు చెవి: చెవిలో ఊదుడు, చెవులు కొరుకుడు, చెప్పుడు మాటలు వినుడు. మన 'లూట్' మాత్రం ఓడెక్కి పోయి వాళ్ల భాషలోనే ఉండిపోయింది.

ఆ లూటీ ఈ నేల మీద ఎలా ఉండేదో పాలకుర్తికి తెలుసు. ఐలమ్మ కౌలు పొలంలో పండించిన వడ్లను విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు కోసుకపోవడానికి వస్తే, ఆంధ్ర మహాసభ సంఘపోళ్లు అడ్డం పడి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. కడవెండిలో 1946 జూలై 4న ఆ దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పంట మొత్తం ఎత్తుకపోయే చేతికి చేతివాటం అనే మాట ఎన్నడూ అతకలేదు. ఆ మాట పెన్సిలు దగ్గర, వంకాయల దగ్గరే ఆగిపోయింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కచేరీ మారింది, భాష మారింది. 1980ల నుంచి వరంగల్ పల్లెల్లో, మానుకోట దిక్కు, భూపాలపల్లి అడవుల్లో 'ఇన్ఫార్మర్' అనే ఇంగ్లీషు మాట ఊరి మాట అయింది. అన్నలకు, అంటే నక్సలైట్లకు, అన్నం పెట్టావని ఇటు పోలీసులు, పోలీసులకు జాడ చెప్పావని అటు అన్నలు. ఇన్ఫార్మర్ ముద్ర పడ్డ మనుషుల్ని అన్నలు చంపి పక్కన చీటీ పెట్టి పోయేవాళ్లు. చదువురాని నోళ్లు కూడా ఆ మాటను తప్పులేకుండా పలికేవి.

2016 అక్టోబరు 11న మానుకోట, భూపాలపల్లి వరంగల్ నుంచి విడివడి వేరే జిల్లాలయ్యాయి. ఆ తరవాత భూపాలపల్లి దిక్కు ఒక ఊళ్లో, ఇంటి ముందు చింతపండు గింజ తీస్తున్న ఒక ముసలమ్మను అడిగాను: ఇన్ఫార్మర్ అనే మాట రాకముందు అసొంటోణ్ని ఏమనేవాళ్లు, అవ్వా?

ఆమె చెయ్యి ఆగింది. రోడ్డు దిక్కు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"కొండెగాడు అనేటోళ్లం బిడ్డా. గట్లంటే వాడకట్టంతా నవ్వేది. నువ్వన్న మాట ఇనవడితే తలుపులు వెట్టుకునేటోళ్లం."