బంధిత వన్యప్రాణుల నమోదు, నియంత్రణ (నల్గొండ, మహబూబ్‌నగర్)

బంధిత వన్యప్రాణుల నమోదు అనగా వేట జంతువులుగా పేరుపడిన జింక, దుప్పి, కౌజు, పూరేడు మొదలైన ప్రాణులను మనుషుల అధీనంలో ఉంచినపుడు వాటి పుట్టుక, రాకపోకలు, మరణాలను రిజిస్టరులో వ్రాసి ఉంచే విధానం. అడవిలో పట్టిన జింకకూ, ఆవరణలో పుట్టిన జింకకూ రూపంలో తేడా ఉండదు. ఆ జింక ఎక్కడిదో తెలుసుకొనుటకు రిజిస్టరే ముఖ్య ఆధారం.

నేపథ్యం

2016లో విభజనకు ముందున్న నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల దక్షిణ భాగంలో నల్లమల అడవులు ఉన్నాయి. ఇవి నేడు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం. పడమట కృష్ణా తీరాన, ప్రస్తుత నారాయణపేట జిల్లాలోని మక్తల్, మాగనూరు, కృష్ణ మండలాలలో కృష్ణజింకలు పొలాలలోనే తిరుగుతాయి. పంట నష్టం వలన రైతులకు వీటితో తరచు ఇబ్బంది కలుగుతున్నది.

చట్టం

వన్యప్రాణుల రక్షణకు ప్రధాన ఆధారం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. తొలుత లైసెన్సుపై కొన్ని జంతువుల వేటకు అవకాశం ఉండేది. 1991 సవరణతో ఆ అవకాశం తొలగింది. 2022 సవరణ ద్వారా ఆరు షెడ్యూళ్ళు నాలుగుకు తగ్గినవి. కృష్ణజింక, నెమలి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మొదటి షెడ్యూలు జంతువులకు సంబంధించిన నేరాలకు 3 నుండి 7 సంవత్సరాల జైలుశిక్ష, కనీసం 25,000 రూపాయల జరిమానా విధించవచ్చును.

పొలంలో దొరికిన పిల్లలు

చట్టం దృష్టిలో వన్యప్రాణిని పట్టుకొనుట కూడా వేటయే. తల్లి కనిపించని జింక పిల్లను జాలితో ఇంటికి తెచ్చి మేకలతో పాటు పెంచినా అది నేరం కాగలదు. చట్టవిరుద్ధంగా బంధించిన ప్రాణి ప్రభుత్వ ఆస్తి అవుతుంది. అటువంటి ప్రాణి చేతికి వచ్చినవారు 48 గంటలలోగా దగ్గరి పోలీసు స్టేషనుకు గాని, అధీకృత అధికారికి గాని తెలియజేయవలెను. తేదీ, స్థలంతో వ్రాసి ఇచ్చిన సమాచారం రైతు సద్బుద్ధికి సాక్ష్యంగా ఉంటుంది.

జింకల పార్కులు

మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రి వద్ద జింకల పార్కును నెలకొల్పారు. ప్రజల సందర్శన కొరకు బంధిత జంతువులను ఉంచే ఇటువంటి కేంద్రాలు చట్టప్రకారం జంతు ప్రదర్శనశాలల కిందికి వస్తాయి. వీటికి కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ గుర్తింపు అవసరం. ప్రదర్శనశాలల గుర్తింపు నియమాల ప్రకారం ఇవి పాటించవలసిన ముఖ్యాంశాలు:

* జననం, సేకరణ, బదిలీ, మరణం ప్రతిదీ రిజిస్టరులో నమోదు చేయుట.
* మార్చి 31 నాటికి ఉన్న జంతువుల పట్టికను ఏప్రిల్ 30లోగా సంస్థకు పంపుట.
* ఆ సంవత్సరపు మరణాలను, శవపరీక్షలో తేలిన కారణాలను తెలుపుట.
* ముందస్తు అనుమతితో, గుర్తింపు పొందిన మరొక కేంద్రంతో మాత్రమే జంతువులను మార్చుకొనుట.

ఉదాహరణకు 40 దుప్పులున్న పార్కులో ఏడాదిలో 9 పిల్లలు పుట్టి, 4 మరణించి, 5 బదిలీ అయితే చివరకు 40 ఉండవలెను. 43 ఉన్నచో అదనంగా వచ్చినవి ఎక్కడివన్న ప్రశ్న, 37 ఉన్నచో తక్కువైనవి ఏమైనవన్న ప్రశ్న వచ్చును.

కౌజు పిట్టలు

తెలుగులో కౌజు అనగా తిత్తిరి పక్షి, పూరేడు అనగా దానికన్నా చిన్నదైన వేరొక పక్షి. అయితే ఫారాలలో పెంచే జపాన్ పూరేడును కూడా వాడుకలో కౌజు పిట్ట అంటున్నారు. ఈ విదేశీ జాతిని 1974లో బరేలీ సమీపంలోని ఇజ్జత్‌నగర్‌కు తెచ్చారు. 2011లో కేంద్ర పర్యావరణ శాఖ దీనిని వన్యప్రాణి చట్టం పరిధిలోనిదిగా పరిగణించి కొత్త ఫారాలకు లైసెన్సులు ఇవ్వరాదని రాష్ట్రాలకు సూచించింది. తరువాత ఈ ఆంక్ష తొలగింది. అడవి కౌజుకు, పూరేడుకు మాత్రం చట్ట రక్షణ కొనసాగుతున్నది. అందుచేత పిల్లలను కొన్న హేచరీ రసీదు, జాతి పేరు, అమ్మకపు లెక్కలు పెంపకందారునికి రక్షణగా ఉంటాయి.

విదేశీ జాతులు, ఇతర దేశాలు

అంతర్జాతీయ ఒప్పందంలో చేరిన విదేశీ ప్రాణులు ప్రస్తుత నాలుగవ షెడ్యూలులో ఉన్నాయి. 2024 నియమాల ప్రకారం వీటి యజమానులు పరివేష్ పోర్టల్ ద్వారా నమోదు చేసుకొనవలెను. బదిలీ, జననం, మరణం కూడా తెలుపవలెను. న్యూజిలాండ్‌లో దుప్పులను పశువుల వలె పెంచుతారు. అక్కడ 2013 నుండి వాటికి చెవి బిళ్ళతో కూడిన నమోదు తప్పనిసరి.

ఇవి కూడా చూడండి

* కృష్ణజింక
* పిల్లలమర్రి
* అమ్రాబాద్ పులుల అభయారణ్యం