టిబెట్‌లో భద్రంగా ఉన్న మన విద్య



టిబెట్ ధ్యానం అనగానే అదేదో మంచుకొండల్లో లామాలు చేసుకునేదనీ, మనకు సంబంధం లేదనీ చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే సంగతి వేరు. అది మన దేశం నుంచి వెళ్లి, మళ్లీ మన పొరుగుకే చేరిన విద్య.

ఆచార్య నాగార్జునుడు తన మిత్రుడైన శాతవాహన రాజుకు హితవు చెబుతూ 'సుహృల్లేఖ' అనే లేఖ రాశాడు. దాని సంస్కృత మూలం నశించింది. టిబెటన్, చైనా అనువాదాలే మిగిలాయి. ఎనిమిదో శతాబ్ది చివర కమలశీలుడు టిబెట్ వెళ్లి, ధ్యానాన్ని అంచెలంచెలుగా ఎలా సాధించాలో వివరిస్తూ 'భావనాక్రమం' రాశాడు. 1042లో వంగదేశపు అతీశుడు వెళ్లి మనసును దిద్దుకునే పద్ధతులు నేర్పాడు. తరువాత ఇక్కడి మహావిహారాలు పాడుబడ్డాయి, తాళపత్రాలు పోయాయి. మన ఆఫీసుల్లో అసలు ఫైలు దొరకనప్పుడు, పై ఆఫీసుకు పంపిన నకలు తెప్పించుకుని పని నడిపేవాళ్లం గదా! టిబెట్ ఆ నకలును పదిలంగా కాపాడింది.

1959 మార్చిలో దలైలామా మన దేశానికి శరణార్థిగా వచ్చారు. 1960లో అప్పటి మైసూరు రాష్ట్ర ప్రభుత్వం బైలకుప్పె దగ్గర టిబెటన్లకు భూములిచ్చింది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం వదిలివచ్చిన రాజవంశానికి నీడనిచ్చిన పెనుకొండ మనది. నిలువ నీడ పోవడమంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. అనంతపురంలో చలికాలం స్వెటర్లు అమ్మిన టిబెటన్లను నేను చూశాను. సర్వం పోగొట్టుకున్నవారి ముఖాల్లో ఆ నిదానం ఎక్కడిదా అనుకునేవాణ్ణి. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర మహోత్సవం జరిపారు. కాలచక్రాన్ని బుద్ధుడు మొదట బోధించింది ధాన్యకటకంలోనేనని టిబెటన్ల విశ్వాసం.

నా భార్య కాలం చేసి ఆరేళ్లయింది. ఆ తర్వాత చిన్న విషయానికే కోపం, రాత్రిళ్లు నిద్ర లేకపోవడం మొదలయ్యాయి. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి ఒకసారి బైలకుప్పె తీసుకువెళ్లాడు. అక్కడ ఒక లామా గోడమీది పటం చూపి వివరించారు. నల్ల ఏనుగు మన మనసు. దాన్ని ముందుండి లాగే కోతి చాంచల్యం. వెనక భిక్షువు చేతిలో తాడు, అంకుశం. తాడు అంటే స్మృతి, అంకుశం అంటే ఎరుక. తొమ్మిది మెట్లు ఎక్కేసరికి ఏనుగు తెల్లబడుతుంది, కోతి వెనకబడిపోతుంది. దీన్నే శమథం అంటారు.

పద్ధతి సులువే. మోకాళ్లు నొప్పులైతే కుర్చీలోనే వెన్ను నిటారుగా కూర్చోవచ్చు. కళ్లు సగం తెరిచి చూపు కిందికి దించాలి. శ్వాసను ఒకటి నుంచి ఇరవై ఒకటి వరకు లెక్కించాలి. మనసు డి.ఏ. బకాయిల మీదికో, కొడుకు మాట మీదికో పోతుంది. పోనివ్వండి, గమనించి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. ధర్మవరంలో పోగు తెగితే నేతగాడు మగ్గాన్ని తిట్టడు. ముడివేసి నేత సాగిస్తాడు. చివర, మనలాగే బాధపడుతున్న మరొకరికి మేలు కలగాలని తలచుకోవాలి.

దీనితో పోయిన మనిషి తిరిగిరాదు. దుఃఖమూ పూర్తిగా పోదు. అయితే అది వచ్చినప్పుడు కూర్చోబెట్టి మాట్లాడగల ఓపిక వచ్చింది. కోడలిపై విసుక్కోవడం తగ్గింది. బి.పి. మాత్రలు మాత్రం మానలేదు, మీరూ మానవద్దు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శాఖల సభ్యులకు నా మనవి ఒక్కటే. నెలసరి సమావేశంలో అర్జీలు, తీర్మానాలకు ముందు పది నిమిషాలు మౌనంగా కూర్చుందాం. ఖర్చు లేని పని. మంజూరుకు ఎవరి సంతకమూ అక్కరలేదు.