‘సమాజపు నైతిక ప్రగతి’: పదపదానికీ వివరణ

నైతికం: మనిషి తోటి మనిషిపట్ల ఎలా నడుచుకోవాలన్న దానికి సంబంధించినది. సౌకర్యం ఇందులోకి రాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో పంటలు పెరిగాయి, కరువు భయం తగ్గింది. అది గొప్ప మేలే. అయినా ఆ డెల్టా అగ్రహారాల్లో, భర్త పోయిన పసిపిల్లకు మళ్ళీ పెళ్ళి లేదన్న కట్టుబాటు అలాగే నిలిచింది. అనగా, కలిమి పెరగడం వేరు, న్యాయం పెరగడం వేరు.

ప్రగతి: మార్పుల్లో మేలైన మార్పు. మేలని నిర్ణయించేది ఎవరన్నది అసలు చిక్కు. నేటి అభిప్రాయాలతో నిన్నటివారిని తూచడం తగదని ఒక ఆక్షేపణ ఉంది. బలమైన ఆక్షేపణే గాని, ఈ విషయంలో నిలవదు. భార్య పోయిన పురుషుడు మళ్ళీ పెళ్ళాడవచ్చునని ఆ సమాజమే ఒప్పుకుంది. స్త్రీకి మాత్రం కాదంది. బెంగాలీ సంస్కర్త విద్యాసాగరుడు 1855లో వితంతు వివాహానికి పరాశరస్మృతిని ఆధారంగా చూపాడు. తెలుగునాట సంస్కర్త వీరేశలింగం పంతులుగారు కూడా శాస్త్రాలు ముందు పెట్టుకునే వాదించారు. అనగా, తూనికరాళ్ళు పరాయివి కావు. సమర్థించుకోలేని తేడా ఒకటి తొలగడమే ఇక్కడ ప్రగతి అని నా నిర్ణయం.

కాలం గడిస్తే దానంతటదే వచ్చేది ప్రగతి అనుకోవడం మరో పొరపాటు. వితంతు వివాహాన్ని చట్టం 1856లో అనుమతించింది. రాజమండ్రిలో పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. నడుమ పాతికేళ్ళు! చట్టం తీసేసింది చట్టపరమైన అడ్డునే. వెలి భయం అలాగే ఉంది. దాన్ని ఎదుర్కోవడానికి కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారి డబ్బు, విద్యార్థుల అండ, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారి ఓర్పు కావలసివచ్చాయి.

సమాజం: మూడింటిలో అతి జాగ్రత్తగా వాడవలసిన మాట. మారుమనువు చాలా కులాల్లో తరతరాలుగా ఉన్నదే. కనుక ‘1881లో తెలుగు సమాజం వితంతు వివాహాన్ని ఒప్పుకుంది’ అనడం తప్పు. నిషేధం ఉన్న కులాల్లో కొద్దిమంది ఒప్పుకున్నారు, అంతే. ఇంతకంటే బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. 1856 చట్టం రెండో సెక్షన్ ప్రకారం, మళ్ళీ పెళ్ళాడిన వితంతువుకు మొదటి భర్త ఆస్తిమీద హక్కు పోతుంది. కొన్ని హైకోర్టులు ఈ నియమాన్ని మారుమనువు ఆచారమున్న కులాల స్త్రీలకూ వర్తింపజేశాయి. అలహాబాదు హైకోర్టు అందుకు ఒప్పుకోలేదు. అనగా, పెళ్ళికి ఈ చట్టం అవసరమే లేని స్త్రీలు కొందరు దీనివల్ల ఆస్తి పోగొట్టుకున్నారు. ఎవరికి, దేనిలో అని చెప్పకుండా ప్రగతి అన్నంత మాత్రాన వాక్యం పూర్తికాదు.

ఆస్తి విషయమే తీసుకుంటే, భర్తనుంచి సంక్రమించినది మళ్ళీ పెళ్ళాడినా పోదన్న స్థితి 1956 నాటి హిందూ వారసత్వ చట్టంతో వచ్చింది. మామగారు పోయేనాటికే మళ్ళీ పెళ్ళాడి ఉన్న వితంతు కోడలికి ఆయన ఆస్తిలో వాటా లేదన్న 24వ సెక్షన్ మాత్రం 2005 దాకా అందులోనే ఉంది.