నల్లమల కనుమలో నిప్పురవ్వ

గిద్దలూరు నుండి నంద్యాలకు పోవుచు నల్లమల కనుమ నెక్కు పెట్రోలు బండికి ప్రాణమెక్కడ నున్నది? సిలిండరు తలపై బిగించిన చిన్న స్పార్కుప్లగ్గులో నున్నది.

1860లో పారిసున లెన్వార్ తన గ్యాసు ఇంజనును విద్యుత్తు రవ్వతోనే నడపెను. 1902లో జర్మనీయందలి బాష్ కర్మాగారమున హోనోల్డు అధిక వోల్టేజి మాగ్నెటోను రూపొందించెను. అటుపై బ్యాటరీ, కాయిలు వచ్చినవి.

1942లో బర్మా జపానువారి వశమగుటతో పెట్రోలునకు కరవు వచ్చెను. అప్పుడు మార్కాపురము, గిద్దలూరు మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లాకు చెందియుండెను. రాజధానియందు అనేక బస్సులకు బొగ్గు పొయ్యిలు తగిలించిరి. బొగ్గు గ్యాసు మెల్లగా మండును. కావున రవ్వను కొంత ముందుగా పుట్టింపవలసి వచ్చెను. బలము తగ్గెను, ప్లగ్గు కొనపై మసి పేరుకొనెను.

ప్లగ్గు నెంచుటలోని మర్మ మిదియే. మైదానమున నెమ్మదిగా నడచు బండికి వేడిని నిలుపుకొను ప్లగ్గు మేలు. మసి తనంతట కాలిపోవును. మార్కాపురపు పలకలు నింపుకొని కనుమ నెక్కు బండికి వేడిని త్వరగా విడుచు ప్లగ్గు కావలెను. లేనిచో కొన ఎఱ్ఱబడి, రవ్వకు ముందే వాయువు నంటించును. పిస్టను సైతము కరగవచ్చును.

1951లో నెలకొన్న మైకో సంస్థ బెంగుళూరున స్పార్కుప్లగ్గులను దేశమందే తయారుచేసెను. క్రమముగా లారీలు డీజిలునకు మారినవి. డీజిలు నొక్కబడిన గాలి వేడికే మండును, రవ్వతో పనిలేదు.

నేడు పెట్రోలు బండ్లలో కాంటాక్టు పాయింట్ల స్థానమున ఎలక్ట్రానిక్ సాధనము లున్నవి. అయినను బలమైన కాయిలు కొనుటకు ముందు ప్లగ్గును విప్పి చూడుడు. కొన లేత గోధుమ వన్నెయైన కుశలము, నల్లనైన మసి, మిక్కిలి తెల్లనైన అతితాపము.